లాంగ్ టర్మ్‌కి పంపాలా వద్దా: విజయవాడలో ఒక నీట్ క్యాంపస్ మీద నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, అయిదుకి మూడు. టెస్టులకి నాలుగున్నర, బోటనీ జువాలజీకి నాలుగు, ఫిజిక్స్‌కి రెండు, మెస్‌కి రెండున్నర, అడ్మిషన్ అప్పుడు చెప్పిన మాటలకి సున్నా. సగటు కడితే మూడు రాదని నాకూ తెలుసు. టెస్టులకి ఎక్కువ వెయిటేజీ ఇచ్చాను, ఎందుకో కిందికి వెళ్తే మీకే అర్థమవుతుంది.

మాది ఖమ్మం, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా తమ్ముడు 2024లో మెడికల్ ఎంట్రన్స్ నీట్ రాశాడు, మార్కులు సరిపోలేదు, విజయవాడలో బందరు రోడ్డు వైపున్న ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో లాంగ్ టర్మ్, అంటే మళ్లీ రాసేవాళ్లకి ఇచ్చే ఏడాది కోచింగ్, చేసి 2025లో మళ్లీ రాశాడు. ఫీజు కట్టింది నాన్న, బేరం ఆడింది అమ్మ, క్యాంపస్ చుట్టూ తిరిగి వాళ్లతో గొడవలు పడింది నేను. క్యాంపస్ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే రాసినా మీకు పెద్దగా పనికిరాదు. ఈ సంస్థలకి ఒకే బోర్డు కింద బోలెడు క్యాంపస్‌లు ఉంటాయి, ఇన్‌చార్జి మారితే అదే బిల్డింగ్ ఏడాదిలో ఇంకోలా తయారవుతుంది. మనం పేరు చూసి డబ్బు కడతాం, పిల్లాడికి దొరికేది ఆ ఏడాది అక్కడ ఎవరున్నారో వాళ్లే. కాబట్టి ఏం చూసుకోవాలో రాస్తాను.

అసలు చేర్పించాలా వద్దా అన్న దగ్గరే మాకు నెల పట్టింది. 2024 రిజల్ట్ ఎలా వచ్చిందో గుర్తుంది కదా, జూన్ 14న ఇస్తామన్నది జూన్ 4నే, అదీ ఎన్నికల కౌంటింగ్ రోజు సాయంత్రం వదిలారు. ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చుని ఆంధ్రాలో ఎవరికి ఎంత మెజారిటీ అని చూస్తుంటే వీడు లోపలి గదిలో మార్కులు చూసుకుని బయటికి రాలేదు. 496. ఆ సంవత్సరం 720కి 720 వచ్చినవాళ్లే మొదట 67 మంది. తర్వాత 1563 మందికి కలిపిన గ్రేస్ మార్కులు తీసేసి, వాళ్లకి మళ్లీ పరీక్ష అని చెప్పి, ఒక ఫిజిక్స్ ప్రశ్నకి జవాబు సవరించాక 17 మంది మిగిలారు. 650 వచ్చినవాళ్ల ర్యాంకే ముప్పై వేల చుట్టుపక్కల ఉంటే 496కి ఏమొస్తుంది. ర్యాంకు మీద తక్కువ ఫీజుకి ఇచ్చే కన్వీనర్ కోటాకి అందదని ఆ రాత్రికే తెలిసిపోయింది. బీ కేటగిరీ, అంటే ప్రైవేట్ కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు, ఏడాదికి పది లక్షలు దాటుతుంది, ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మర్నాటి నుంచే ఫోన్లు. నంబర్లు ఎవరిచ్చారో దేవుడికే తెలియాలి. నాన్నకి, అమ్మకి, నాకు, ఆఖరికి ఇంటర్ కాలేజీ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా రాసిన మా బాబాయికి కూడా. "బాబుకి ఎంతొచ్చాయి మేడం? 496ఆ? అయ్యో, మన దగ్గరుంటే ఈపాటికి ఉస్మానియాలో సీటు మేడం." ఆ తర్వాత రీ-నీట్ గోల మొదలైంది. పేపర్ లీక్ కేసులు సుప్రీంకోర్టులో ఉన్నాయి, పరీక్ష మొత్తం రద్దవుతుందేమో అని లక్షల మంది ఎదురుచూస్తున్న రోజులవి, అదే అదనుగా ఈ పీఆర్వోలు "రీ-నీట్ పెడితే మన క్యాంపస్ పిల్లలే ముందుంటారు, ఈ రోజే అడ్వాన్స్ కట్టేయండి" అని వెంటపడ్డారు. చివరికి జులై 23న కోర్టు రద్దు చేసేది లేదని చెప్పింది. రీ-నీట్ మాట నమ్మి కట్టినవాళ్లని తర్వాత క్యాంపస్‌లో చాలామందిని చూశాను. మళ్లీ రాయడానికి అది కారణమే కాదు.

మేం చేసింది చెప్తాను. ఓఎంఆర్, అంటే జవాబులు దిద్దిన షీటు, స్కాన్ కాపీ మెయిల్‌కి వస్తుంది, ఫైనల్ కీ సైట్‌లో ఉంటుంది. రెండూ ప్రింట్ తీయించి ఒక ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. 132 కరెక్టు, 32 తప్పు, 16 వదిలేశాడు. సబ్జెక్టుల వారీగా చూస్తే బయాలజీ 360కి 296, కెమిస్ట్రీ 180కి 127, ఫిజిక్స్ 180కి 73. ఇంతవరకూ ఎవరైనా చూస్తారు. తప్పుపోయిన ఒక్కో బిట్ పక్కన పెన్సిల్‌తో కారణం వాడి చేతే రాయించాను. అసలు చదవలేదు, చదివా మర్చిపోయా, గెస్, తొందర, ఈ నాలుగింటిలో ఒకటి. మొదట మొహమాటపడి అన్నిటికీ "తొందర" అని రాశాడు. ప్రశ్న చదివి ఇప్పుడు చెయ్యరా అంటే చెయ్యలేకపోయాడు. అప్పుడు కొట్టేసి నిజం రాశాడు.

ఫిజిక్స్‌లో తప్పుపోయిన 15లో ఎక్కువ భాగం గెస్. ఎందుకు గెస్ కొట్టాడంటే ఆప్టిక్స్, సెమీకండక్టర్స్, న్యూక్లియై లాంటి సెకండియర్ చాప్టర్లు పైపైన చూసి వెళ్లాడు. తెలంగాణలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చి మూడో వారం దాకా నడిచాయి, మే 5న నీట్. ప్రాక్టికల్స్, రికార్డులు, పబ్లిక్ పరీక్షల హడావిడి పోను ఆ చాప్టర్లకి మిగిలిన సమయం ఎంతో లెక్కేసుకోండి. ఇలాంటి పేపర్ అయితే మళ్లీ రాయడంలో అర్థముంది, చదవనిది చదివితే మార్కులు వస్తాయి. గెస్ కొట్టే అలవాటు వేరే జబ్బు, దానికి వేరే మందు, దాని సంగతి తర్వాత.

మా పిన్ని కూతురిది ఇంకో కథ. అదే 2024లో తనది రెండో ప్రయత్నం, అప్పటికే ఒక లాంగ్ టర్మ్ అయిపోయింది. తన పేపర్ మీద కూడా ఇలాగే రాయించాం. దాదాపు అన్నీ "చదివా, మర్చిపోయా". చదవని చాప్టర్ ఒక్కటీ లేదు, రెండేళ్లుగా అవే పుస్తకాలు, మార్కులు పెరిగింది ఇరవై కూడా లేవు. "అక్కా, ఇంకో ఏడాది అదే మెటీరియల్ ముట్టుకోవాలంటే నాకు వాంతి వస్తుంది" అంది. ఇంజినీరింగ్, అగ్రికల్చర్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకుతో అగ్రికల్చర్ బీఎస్సీలో చేరింది. పిన్ని ఇప్పటికీ పెళ్లిళ్లలో "మా అమ్మాయికి మెడిసిన్ జస్ట్‌లో పోయింది" అనే చెప్తుంది కానీ పిల్ల మాత్రం హాయిగా ఉంది.

జేఈఈ అడ్వాన్స్‌డ్ అయితే వరుసగా రెండేళ్లలో రెండుసార్లే, ఆ తర్వాత వాళ్లే తలుపు వేసేస్తారు. నీట్‌కి అలాంటి లెక్క లేదు. 17 ఏళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి కూడా 2022లో ఎత్తేశారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆపేవాళ్లు లేని పరీక్ష ఇది. తమ్ముడి క్యాంపస్‌లో నాలుగోసారి రాస్తున్న అబ్బాయి ఉన్నాడు, అతని ఇంటర్ బ్యాచ్‌మేట్లు బీటెక్ థర్డ్ ఇయర్‌కి వచ్చేశారు. అందుకే చేర్చకముందే ఇంట్లో మాట అనుకున్నాం: లాంగ్ టర్మ్ ఒక్క ఏడాదే, వచ్చే మేలో ఎప్‌సెట్ కూడా రాయాలి, ఏది వస్తే దాంతో వెళ్లాలి. ఈ మాట జూన్‌లో అనుకోవాలి. రిజల్ట్ వచ్చిన రోజు అనుకుందామంటే ఎవరి నోటా రాదు.

ఇక క్యాంపస్. ఏసీ బ్యాచ్‌కి లక్షా తొంభై అన్నారు. అమ్మ ఇంటర్ మెమో, నీట్ స్కోర్ కార్డు టేబుల్ మీద పెట్టి కుర్చీలోంచి కదల్లేదు. ఇన్‌చార్జి గారు రెండుసార్లు లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడినట్టు మాట్లాడి వచ్చి లక్షా నలభైకి దిగారు. స్కోరు నాలుగొందల యాభై దాటితే బేరానికి మీదే పైచేయి, ఎందుకంటే వచ్చే ఏడాది ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి వాళ్లకి అలాంటి పిల్లలే కావాలి. మొదటిసారి చెప్పిన రేటుకి కట్టినవాళ్లని చూస్తే జాలేసింది. మెటీరియల్‌కి, లాండ్రీకి, కాషన్ డిపాజిట్‌కి వేరే కట్టాలన్న సంగతి మాత్రం పెట్టె లోపల పెట్టాక చెప్పారు. చూపించిన గదిలో మూడు మంచాలు, ఇచ్చిన గదిలో ఆరు. అడిగితే "అది స్టార్ బ్యాచ్ బ్లాక్ అమ్మా" అన్నారు. ఈ ముక్క ముందు చెప్పొచ్చు కదా.

మెస్ గురించి రాయడానికి ఎక్కువ లేదు. పప్పు బాగుంటుంది, పెరుగు గట్టిగా ఉంటుంది, కూర ఏ కూరో రంగు చూసి చెప్పలేం. ఆదివారం చికెన్ టెస్టు అయ్యాక రాత్రి పెడతారు, మధ్యాహ్నం పెడితే నిద్రొస్తుందని. ఈ ఆలోచన ఎవరిదోగానీ నాకు నచ్చింది.

ఒక మంచి సంగతి కచ్చితంగా చెప్పాలి. సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగింది, అదే రోజు విజయవాడని బుడమేరు ముంచేసింది. ఖమ్మం మహబూబాబాద్ వైపు రైలు పట్టాలు కొట్టుకుపోయి నేను హైదరాబాద్‌లో ఇరుక్కుపోయాను. అటు అమ్మానాన్నల ఫోన్ కలవడం లేదు, ఇటు వీడు విజయవాడలో. ఆ రోజు వార్డెన్ గారు తనే ఫోన్ చేశారు. "అమ్మా, మా వైపు నీళ్లు రాలేదు, బాబు బాగానే ఉన్నాడు, ఇదిగో మాట్లాడండి" అని ఫోన్ వాడికిచ్చారు. టెస్టు ఆపేసి, ఖమ్మం పిల్లలకి, సింగ్‌నగర్ వైపు పిల్లలకి ఇంటి ఫోన్ కలిసేదాకా ఆఫీస్ ఫోన్ వదిలేశారట. పాలు రాక రెండు మూడు రోజులు టీ లేదు, కూరగాయల్లేక పప్పుచారుతోనే నడిపారు, ఒక్క పిల్లాడు కూడా గొణగలేదని విన్నాను. ఆ వార్డెన్ గారికి విడిగా రేటింగ్ ఇవ్వమంటే అయిదుకి అయిదు.

క్లాసుల విషయానికొస్తే బయాలజీ నిజంగా బాగా చెప్పారు. బోటనీ సార్ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం తప్ప ఇంకోటి ముట్టుకోనిచ్చేవారు కాదు, బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని పట్టుకుని బిట్ చేసి అడిగేవారు. వీడు ఇంటర్‌లో తెలుగు అకాడమీ పుస్తకం చదివి పబ్లిక్ పరీక్ష రాసిన రకం, నీట్‌కి అడిగేది ఎన్‌సీఈఆర్‌టీ వాక్యమే అని వాడికి బుర్రకెక్కింది ఇక్కడే. ఫిజిక్స్ మాత్రం, మేం అసలు చేర్పించిందే దానికోసం, నీరసంగా సాగింది. దసరా సెలవులయ్యాక సార్ వేరే సంస్థకి వెళ్లిపోయారు, ఆయన స్థానంలో వచ్చినాయన సంక్రాంతికి మానేశారు, మూడో ఆయన ఫార్ములా చెప్పి బిట్టు, ఫార్ములా చెప్పి బిట్టు. మొదటి విజిట్‌లో డెమో క్లాస్ చెప్పిన సీనియర్ సార్ ఏడాదంతా ఆ క్యాంపస్‌లో కనపడలేదు. చేర్పించేముందు అడగాల్సింది "ఫ్యాకల్టీ ఎవరు" అని కాదు, "పోయినేడు ఇదే క్యాంపస్‌లో ఫిజిక్స్ ఎవరు చెప్పారు, ఆయన ఇంకా ఉన్నారా" అని. జవాబు చెప్పడానికి తడబడితే మీకు విషయం అర్థమైనట్టే.

మెటీరియల్ ఒక పెద్ద బస్తాడు. 2024 నీట్ నుంచే సిలబస్‌లో సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్స్, మెటలర్జీ తీసేశారు, జువాలజీలో డైజెషన్ పోయింది. వీళ్ల పుస్తకాల్లో అవన్నీ భద్రంగా ఉన్నాయి, కవర్ మీద మాత్రం కొత్త ఎడిషన్ అని ఉంది. పిల్లలే ఆ పేజీలకి స్టేప్లర్ కొట్టుకున్నారు.

ఇప్పుడు టెస్టులు. ఈ ఏడాదిలో మా డబ్బుకి దక్కినది ఇదే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, అంటే నీట్ జరిగే సమయానికే మొదలు. ఓఎంఆర్ షీటు, నల్ల బాల్ పెన్ను, బెల్లులు, ఇన్విజిలేటర్ సంతకం, అన్నీ అసలు పరీక్షలాగే. సోమవారం సాయంత్రానికి మార్కులు. ఇంతవరకూ చాలాచోట్ల ఉంటుంది. ఇక్కడ ఉన్న అసలు పద్ధతి ఎర్రర్ బుక్. తప్పుపోయిన ప్రతి బిట్టునీ సొంత చేత్తో పుస్తకంలో రాయాలి, పక్కన ఎందుకు పోయిందో రాయాలి, బుధవారం లోపు సబ్జెక్ట్ సార్ సంతకం పడాలి, లేకపోతే ఔటింగ్ కట్.

వాడి ఎర్రర్ బుక్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. మూలలు నలిగిపోయిన లాంగ్ నోట్‌బుక్. ఆగస్టు పేజీలు తిప్పితే ఎర్ర పెన్నుతో "గెస్" "గెస్" "గెస్" అని వరుసగా ఉంటుంది. ఒకచోట ప్రిజం లెక్క, డీవియేషన్ యాంగిల్ కనుక్కోవాలి, వాడు నాలుగు ఆప్షన్లలో "మధ్యలో ఉందని" బి పెట్టాడు, ఆ ముక్క నిజాయితీగా అలాగే రాశాడు, సార్ పక్కన "పెళ్లిచూపులా?" అని రాసి సంతకం పెట్టారు. నవంబర్ దాటేసరికి ఇంకో మాట కనపడటం మొదలైంది, "వదిలేశా, కరెక్టే చేశా". రానిది వదలడం. చదువు కంటే ఇది కష్టం, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. తప్పుకి ఒక మార్కు పోతుందని అందరికీ తెలుసు, ఆ ఒక్కటే కదా అనుకుంటారు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ కోర్సు చూస్తే పాఠాలు ఇంతకంటే మంచివే దొరుకుతాయి, ఫిజిక్స్ వాలా లాంటివాళ్లు కొన్ని వేల రూపాయలకే ఏడాది కోర్సు ఇస్తున్నారు, కానీ వారం వారం ఇలా కూర్చోబెట్టి తప్పుల లెక్క అడిగేవాళ్లు ఫోన్లో దొరకరు. పైగా ఆ ఫోన్‌లోనే మిగతావన్నీ ఉంటాయి.

ఇంకో ప్లస్. 2021 నుంచి పేపర్లో 200 ప్రశ్నలు, 180 రాయాలి, 2022 నుంచి దానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. 2025 జనవరి చివర్లో నీట్ పెట్టే సంస్థ ఎన్‌టీఏ అంతకుముందున్న పద్ధతికి తిప్పేసింది, 180 ప్రశ్నలు, అన్నీ రాయాలి, సరిగ్గా మూడు గంటలు. ఏడు నెలలుగా 200 ప్రశ్నల లెక్కకి అలవాటుపడ్డ పిల్లలకి ఇరవై నిమిషాలు కోత. ప్రకటన వచ్చిన తర్వాతి ఆదివారమే వీళ్ల టెస్టు కొత్త పద్ధతిలో జరిగింది, ఆ వారం అందరికీ మార్కులు దారుణంగా పడిపోయాయి, మూడు నాలుగు వారాల్లో సర్దుకున్నాయి. ఈ విషయంలో వాళ్లని మెచ్చుకోవాల్సిందే.

మైనస్ ఏంటంటే ఆ మార్కుల్ని గోడకి అంటించడం. ప్రతి నెలా సెక్షన్లు కలిపి మళ్లీ విడగొడతారు, పై సెక్షన్ నుంచి కిందికి దిగిన పిల్లాడు పరుపు చుట్టుకుని బ్లాక్ మారాలి. ఇది చూసి ఎవరైనా బాగా చదువుతారని ఎవరు కనిపెట్టారో. వీడి రూమ్మేట్ ఒకడు రెండుసార్లు అలా దిగాడు, మూడోసారికి ఇంటికెళ్లిపోయాడు. మిగిలిన నెలల ఫీజు అడగడానికి వాళ్ల నాన్నగారు వచ్చి రిసెప్షన్‌లో పొద్దుటి నుంచీ కూర్చున్నారు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్ డబ్బు పది రోజుల్లో వెనక్కివ్వాలని 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం చూపిస్తే "అవి గైడ్‌లైన్సే కదా సార్, చట్టం కాదుగా" అన్నారట. కాబట్టి ఫీజు ఒకేసారి కట్టకండి, మూడు వాయిదాలు అడగండి, రసీదులో ట్యూషన్ ఎంత, హాస్టల్ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. మేం అలాగే చేశాం, కొంచెం మూతి ముడిచారు, ఒప్పుకున్నారు.

ఫోన్ వారానికోసారి, అదీ క్యూలో. ఆ కాస్త సేపట్లో మార్కులు అడగకూడదని ఇంట్లో రూల్ పెట్టుకున్నాం. అమ్మ మాత్రం "ఏం తిన్నావు నాన్నా" అని మొదలుపెట్టి తిరిగి తిరిగి మార్కుల దగ్గరికే వచ్చేది. కౌన్సెలర్ ఉన్నారని బ్రోచర్లో ఉంది, జరిగిందల్లా మైకు పట్టుకుని అరిచే మోటివేషన్ క్లాసు. "మీ అమ్మానాన్నల కన్నీళ్లు గుర్తు తెచ్చుకోండి" అని పిల్లల్ని ఏడిపించి వెళ్లిపోయే రకం. మీ పిల్లలు నిద్రపోలేకపోతున్నా, మాట్లాడటం తగ్గించేసినా ఆ క్లాసు మీద ఆధారపడకండి, వెళ్లి ఇంటికి తెచ్చుకోండి, వారం పోతే పోయింది.

2025 మే 4న పరీక్ష. బయటికొచ్చిన పిల్లల మొహాలు చూస్తేనే తెలిసింది, ఫిజిక్స్ అంత దారుణంగా వచ్చింది. ఒక్కో లెక్కకి పేజీ పట్టే ప్రశ్నలు, ఫార్ములా బిట్లు చేసి వెళ్లినవాళ్లు నిలబడలేకపోయారు. జూన్ 14న రిజల్ట్. దేశం మొత్తానికి ఫస్ట్ ర్యాంకు మార్కులే 686. మావాడికి 458.

నాన్న స్కోర్ కార్డు చూసి "ఏడాది, లక్షన్నర పెట్టి ముప్పై ఎనిమిది మార్కులు తగ్గించుకొచ్చాడు" అన్నారు. ర్యాంకు గడి చూశాక ఆగారు. పాత ర్యాంకులో సగానికి కూడా లేదు. మార్కుల్ని పోయిన ఏడాది మార్కులతో పోల్చడం ఎంత తెలివితక్కువో ఈ రెండేళ్లు నేర్పినంతగా ఇంకేదీ నేర్పలేదు, "500 వస్తే సీటు" లాంటి లెక్కలు ఎవరు చెప్పినా పక్కన పెట్టండి. మళ్లీ ఓఎంఆర్ తీసి చూశాం. బయాలజీ 312, కెమిస్ట్రీ 102, ఫిజిక్స్ 44. అవును, దేనికోసం చేర్చామో అందులో 44. అయితే ఆ 44 ఎలా వచ్చాయో చూడండి: 13 కరెక్టు, 8 తప్పు, 24 వదిలేశాడు. పోయినేడు వాడయితే ఆ 24లో సగానికి పైగా ఏదో ఒకటి దిద్దేసి వచ్చేవాడు. వాడి పక్క బెంచీ అబ్బాయి, క్యాంపస్ టెస్టుల్లో వీడికంటే ఎప్పుడూ పైనుండేవాడు, ఫిజిక్స్ అన్నీ దిద్ది సింగిల్ డిజిట్ తెచ్చుకున్నాడు.

వరంగల్ కాళోజీ వర్సిటీ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా కింద ఒక ప్రైవేట్ కాలేజీలో సీటు వచ్చింది, ఏడాదికి అరవై వేలు ఫీజు. విజయవాడలో లాంగ్ టర్మ్ చేస్తే తెలంగాణలో లోకల్ కోటా పోతుందా అని నన్ను చాలామంది అడిగారు. పోదు, చూసేది ఇంటర్ వరకు చివరి నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే, వీడు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఖమ్మంలోనే చదివాడు.

రిజల్ట్ వచ్చిన వారానికి క్యాంపస్ ముందు ఫ్లెక్సీ లేచింది. పైన పెద్ద పెద్ద ఫొటోలు, కేటగిరీ ర్యాంకులు (రిజర్వేషన్ వర్గంలో వచ్చినవి) పెద్ద అంకెల్లో, "కేటగిరీ" అన్న మాట చీమ తలకాయంత. అందులో మొదటి వరుస అమ్మాయి ఆఖరి నెలలో గ్రాండ్ టెస్టులు రాయడానికి మాత్రమే వచ్చిన పిల్ల అని తమ్ముడు గుర్తుపట్టాడు. ఏ ర్యాంకర్ ఏ కోర్సు చేశారో, ఎన్నాళ్లు చేశారో చెప్పాలని, సెలెక్ట్ అయ్యాక వాళ్ల అనుమతి తీసుకునే ఫొటో వాడాలని 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ రూలు పెట్టింది. మావాడి ఫొటో కూడా కింది వరుసలో వేశారు, మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. అమ్మకి మాత్రం అది చూపిస్తే మురిసిపోయి ఫోన్లో ఫొటో తీసుకుంది, ఇక నేనేం కంప్లైంట్ చేస్తాను.

మీ ఇంట్లో ఇదే చర్చ నడుస్తుంటే, ముందు పేపర్ మీద పెన్సిల్ పని చేయించండి. చదవనివి, గెస్‌లు ఎక్కువుంటే, పిల్లాడే నోరు తెరిచి "మళ్లీ రాస్తా" అంటే ఇలాంటి చోట ఏడాది పెట్టొచ్చు. ఫిజిక్స్‌కి మాత్రం వీళ్లని నమ్ముకోకుండా బయట ఇంకో దారి చూసుకోండి, మేం సంక్రాంతి తర్వాత పెన్ డ్రైవ్‌లో వీడియో పాఠాలు ఇచ్చి పంపాల్సి వచ్చింది, వార్డెన్ గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఇప్పటికే ఒక లాంగ్ టర్మ్ చేసి, అన్నీ చదివి, మార్కులు కదలనివాళ్లని రెండోసారి అదే చోటుకి మాత్రం పంపకండి, ఫీజులో సగం తగ్గిస్తామన్నా సరే. "మీరు పంపండి, మేం చూసుకుంటాం" అనే మాట విని పంపేవాళ్లు ఒకసారి ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి టెస్టు హాలు బయట నిలబడి చూడండి, బుధవారం ఎర్రర్ బుక్కులు చూపించమనండి. లేవంటే వెనక్కి వచ్చేయండి.

కాషన్ డిపాజిట్ అయిదు వేలు ఇంకా రాలేదు. "హెడ్డాఫీసుకి పంపాం మేడం" దగ్గరే ఉంది. వస్తే ఈ రివ్యూలో మార్చి, ఇంకో అరకలుపుతాను.